యంబరు అడవి

జపాన్ ప్రధాన దీవులకు నైరుతిగా, తైవాన్ వైపు వంపు తిరిగి సాగే ర్యుక్యూ దీవుల వరుసలో అన్నిటికన్నా పెద్దది ఒకినావా. ఆ దీవి ఉత్తర కొసన కునిగామి, ఓగిమి, హిగాషి అనే మూడు గ్రామ పాలక ప్రాంతాల్లో పరచుకున్న కొండ అడవిని యంబరు అంటారు. ఇక్కడి ఎత్తయిన కొండ యోనాహా 503 మీటర్లు మాత్రమే. సముద్రం ఏ మూల నుంచీ పెద్ద దూరంలో ఉండదు. జపాన్ నేలలో వెయ్యో వంతు కూడా లేని ఈ చోట ఆ దేశపు పక్షి జాతుల్లో దాదాపు సగం, కప్ప జాతుల్లో నాలుగో వంతు కనిపిస్తాయి. వాటిలో కొన్ని ప్రపంచంలో మరెక్కడా లేవు.

2016 సెప్టెంబరులో దీన్ని జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. 2021 జూలై 26న అమామి ఒషిమా, తొకునోషిమా, ఇరియోమోటె దీవులతో కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నాలుగు చోట్లా కలిపి 42,698 హెక్టార్లు కాగా, అందులో యంబరు వాటా 7,721 హెక్టార్లు. ప్రకృతి అందానికి ఇచ్చిన గుర్తింపు కాదిది. ఇక్కడి జీవజాతుల కోసమే ఇచ్చారు. నిజానికి పై నుంచి చూస్తే యంబరులో కళ్లు చెదిరే దృశ్యమేమీ లేదు. గుండ్రటి పచ్చటి తలలు దగ్గర దగ్గరగా పేర్చిన గోబీ పువ్వుల్లా కనిపిస్తాయి, అంతే.

ఎడారులుండాల్సిన చోట

ఉత్తర అక్షాంశం 26, 27 డిగ్రీల మధ్య భూగోళం చుట్టూ వెళితే ఎక్కువగా తగిలేవి ఎడారులే. సహారా, అరేబియా, థార్ అన్నీ ఆ పట్టీలోనే ఉన్నాయి. మన జైసల్మేర్‌దీ యంబరుదీ ఇంచుమించు ఒకే అక్షాంశం. భూమధ్యరేఖ దగ్గర పైకి లేచిన గాలి తేమనంతా అక్కడే వదిలేసి, ఈ అక్షాంశాల్లో పొడిగా కిందికి దిగడం దీనికి కారణం. ఒకినావా మాత్రం ఆ పొడి నుంచి తప్పించుకుంది. దీవుల పక్కగా కురోషియో అనే వెచ్చని సముద్ర ప్రవాహం సాగుతుంది. వేసవి మొదట్లో రుతుపవన వానలు, ఆ తరవాత టైఫూన్లు వస్తాయి. చలికాలంలోనూ ఈశాన్య గాలులు మేఘాలను తెచ్చి కొండలకు చేరుస్తాయి. కొండల మీద ఏటా 2,500 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది, గడ్డకట్టే చలి రాదు. ఏడాది పొడవునా ఆకు రాలని వెడల్పాటి ఆకుల అడవి ఈ అక్షాంశంలో పెరగడం లోకంలోనే అరుదు.

టైఫూన్లు వాన తెస్తాయి, చెట్ల ఎత్తుకు కోతా పెడతాయి. అందుకే ఇక్కడి చెట్లు ఉష్ణమండల అడవుల్లోలా ఆకాశానికి ఎగబాకవు. పొట్టిగా, కొమ్మలు దగ్గరగా, తల గుండ్రంగా పెరుగుతాయి.

లోతైన నీళ్లు గీసిన గీత

ఒకప్పుడు ఈ నేలంతా ఆసియా ఖండపు అంచు. ఖండానికీ దీవులకూ మధ్య ఒకినావా ద్రోణి తెరుచుకోవడంతో, లక్షల ఏళ్ల మీద ఈ అంచు విడిపోయి దీవుల వరుసగా మారింది. మంచు యుగాల్లో సముద్రమట్టం వంద మీటర్లకు పైగా దిగిపోయినప్పుడు కొన్ని దీవులు పక్క నేలలతో మళ్లీ కలిశాయి, జంతువులు నడిచి వచ్చాయి. అమామి, తొకునోషిమా, ఒకినావాలున్న మధ్య ర్యుక్యూకు ఆ రాకపోకలు లేవు. ఉత్తరాన తొకారా, దక్షిణాన కెరామా జలసంధుల లోతు వెయ్యి మీటర్ల పైమాటే. సముద్రం ఎంత తగ్గినా అక్కడ నీళ్లు మిగిలే ఉన్నాయి.

విడిపోయేనాటికి ఈ ముక్క మీద ఉన్న జీవులే ఇక్కడ మిగిలాయి. ఖండం మీద వాటి బంధువులు చాలావరకు నశించాయి. ఆ తరవాత పుట్టుకొచ్చిన పిల్లి, నక్క, ముంగిస వంటి మాంసాహార క్షీరదాలు ఒకినావాకు చేరనేలేదు. ఇక్కడ పెద్ద వేటగాడు హబు అనే విషసర్పం. మన రక్తపింజరి కుటుంబానిదే, రెండు మీటర్ల దాకా పెరుగుతుంది, రాత్రి వేటాడుతుంది. యంబరు జంతువుల నడవడి అర్థం కావాలంటే ఈ రెండు సంగతులూ తెలియాలి: వేటాడే క్షీరదం లేదు, రాత్రి తిరిగే పాము ఉంది.

తొకారా జలసంధి దగ్గర జంతుజాలం ఇట్టే మారిపోతుంది. ఆ సరిహద్దుకు జీవభూగోళ శాస్త్రంలో వతాసే రేఖ అని పేరు. టోక్యో సామ్రాజ్య విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రవేత్త వతాసే షోజాబురో మీదుగా వచ్చిన పేరది. ఆయన ప్రస్తావన ఈ వ్యాసంలో మళ్లీ వస్తుంది, మంచి సందర్భంలో మాత్రం కాదు.

ఇటాజీ చెట్టు, దాని తొర్ర

అడవిలో ఎక్కువ భాగం ఇటాజీ చెట్టే. చెస్ట్‌నట్‌కు దగ్గరి చుట్టం. శరదృతువులో రాల్చే చిన్న గింజలను ఎలుకలు మొదలు అడవి పందుల దాకా అన్నీ తింటాయి, మనుషులూ వేయించుకు తింటారు. దాని పక్కన ఒకినావా ఉరాజిరోగాషి అనే ఓక్ జాతి పెరుగుతుంది. జపాన్‌లో అతి పెద్ద ఓక్ కాయలు దానివే. మే, జూన్ నెలల్లో ఇజు చెట్లు తెల్లగా పూస్తాయి. ఈ జాతి చెట్లు మన ఈశాన్య రాష్ట్రాల అడవుల్లోనూ ఉన్నాయి. వాగుల పొడవునా హెగో అనే చెట్టు ఫెర్న్‌లు గొడుగులు విప్పుకుని నిలబడి ఉంటాయి.

ఇటాజీ ముదిరాక నడిమి చేవ మెత్తబడి తొర్ర పడుతుంది. కలప వ్యాపారికి అది దండగ చెట్టు. యంబరులో అరుదైన జీవులు ఎన్నో ఆ దండగ చెట్టునే నమ్ముకున్నాయి.

మొదట చెప్పుకోవాల్సింది నొగుచిగెరా అనే వడ్రంగిపిట్ట. ఒళ్లంతా ముదురు గోధుమ రంగు, పొట్ట మీద ఎరుపు ఛాయ, మగదానికి నెత్తి మీద ఎర్రటోపీ. 1887లో బ్రిటిష్ పక్షిశాస్త్రవేత్త హెన్రీ సీబోమ్ దీన్ని లోకానికి పరిచయం చేశాడు. ఇప్పుడిది ఒకినావా ప్రిఫెక్చర్ అధికారిక పక్షి. ఉత్తర ఒకినావాలో తప్ప ఎక్కడా లేదు, ఉన్నవీ కొన్ని వందలే. లోపల మెత్తబడిన లావుపాటి చెట్టును వెతికి అందులో గూడు తొలుస్తుంది. దీని అలవాటు ఒకటి వడ్రంగిపిట్టల్లో విడ్డూరం. ఆడది ఎక్కువగా చెట్ల మీదే తిండి వెతుక్కుంటే, మగది నేల మీదికి దిగి ముక్కుతో మట్టి తవ్వి సాలీళ్లను, సికాడా పురుగు పిల్లలను లాగి పెడుతుంది. నేల మీద నక్కో పిల్లో కాచుకుని ఉండే దేశంలో ఏ వడ్రంగిపిట్టా ఈ పని ఇంత తీరిగ్గా చెయ్యలేదు.

అదే తొర్రల అడుగున, కుళ్లిన చెక్కపొట్టులో యంబరు తెనగ కొగనె పిల్లలు మూడు నాలుగేళ్లు పెరుగుతాయి. ఇది పేడపురుగుల కుటుంబంలో పెంకు పురుగు. జపాన్‌లో ఇంతకన్నా పెద్ద పెంకు పురుగు లేదు. మగదానికి ఒళ్లు ఆరు సెంటీమీటర్లుంటే ముందు కాళ్లు అంతకన్నా పొడుగ్గా వంగి ఉంటాయి. 1984లో శాస్త్రీయంగా పేరు పెట్టారు, మరుసటి ఏడే జాతీయ సహజ స్మారకంగా ప్రకటించి పట్టడాన్ని నిషేధించారు. అంత తొందర ఊరికే కాదు. జపాన్‌లో పెంకు పురుగులను పెంచుకునే సరదా ఎక్కువ, అరుదైన వాటికి ధరా ఎక్కువే. ఒక పురుగు కోసం తొర్రలో మట్టినంతా గీకేస్తే, అందులో ఉన్న ఏళ్ల నాటి పిల్లలూ పోతాయి.

తొర్రలను ఆశ్రయించేవి ఇంకా ఉన్నాయి. కెనగా ఎలుక జపాన్ మూషికజాతుల్లో పెద్దది, తోక చివరి సగం తెల్లగా ఉంటుంది. యంబరు గబ్బిలం 1996లో దొరికింది, 1998లో పేరు పొందింది, తొలిసారి దొరికాక రెండు దశాబ్దాలకు పైగా ఒకినావాలో ఎవరికీ చిక్కలేదు. 2018లో మళ్లీ పట్టుబడింది. ముదురు చెట్ల కొమ్మల మీద నాచులో వేళ్లూనుకునే ఒకినావా సెక్కోకు ఆర్కిడ్ కథా ఇంతే. పెద్ద చెట్టు లేనిదే అది లేదు, కనిపిస్తే కోసుకుపోయేవారి బెడద అదనం.

యంబరు కుయినా

1981లో యమషినా పక్షిశాస్త్ర సంస్థ పరిశోధకులు ఒకినావాలో కొత్త పక్షిజాతిని ప్రకటించినప్పుడు జపాన్‌లో అది పెద్ద వార్త. దాదాపు వందేళ్లుగా ఆ దేశంలో కొత్త పక్షి దొరకలేదు. ఊరివాళ్లకు మాత్రం అది కొత్తదేమీ కాదు. పొదల్లోంచి పొదల్లోకి హడావిడిగా పరుగెత్తే పక్షిగా ‘అగాచీ’ అని పిలుచుకునేవారు.

మన చెరువుల్లో కనిపించే నీటికోళ్ల కుటుంబం దీనిది. అడుగు పైచిలుకు పొడవు, వీపు గోధుమ రంగు, పొట్ట మీద నలుపు తెలుపు చారలు, ముక్కూ కాళ్లూ కళ్లూ ఎర్రెర్రగా ఉంటాయి. రెక్కలు చిన్నవి. ఎగరడం దాదాపు మరిచిపోయింది, జపాన్ పక్షుల్లో అలాంటిది ఇదొక్కటే. ఛాతీలో రెక్కలను ఆడించే కండ బలహీనపడి, ఆ బలమంతా కాళ్లలోకి చేరింది. పగలంతా రాలిన ఆకులు తిరగేస్తూ వానపాములు, పురుగులు, నత్తలు ఏరుకు తింటుంది. పెద్ద నత్త దొరికితే ముక్కున కరిచి రాయి దగ్గరికి తీసుకెళ్లి, పెంకు పగిలేదాకా కొడుతుంది. అలా వాడిన రాళ్ల చుట్టూ నత్తగుల్లల ముక్కలు పడి ఉంటాయి.

పొద్దు వాలేసరికి దాని తీరు మారుతుంది. ‘క్యో క్యో క్యో’ అని గట్టిగా అరుస్తుంది, పక్క ఇలాకా జంట జవాబిస్తుంది. ఆ తరవాత ఏటవాలుగా వాలిన చెట్టును ఎంచుకుని, గోళ్లతో బెరడును పట్టుకుని, చిన్న రెక్కలు టపటపలాడిస్తూ నడిచి పైకెక్కుతుంది. రాత్రంతా కొమ్మ మీదే నిద్ర. తెల్లారాక కిందికి దూకి నడక మొదలు. నేల మీద తిరిగే హబు నుంచి తప్పించుకునేందుకే ఈ ఏర్పాటంతా అని పరిశోధకుల అభిప్రాయం. పాముకు జవాబు ఉన్న ఈ పక్షి దగ్గర పగటి వేళ నేల మీద వెంటాడే జంతువుకు మాత్రం ఏ జవాబూ లేదు. గుడ్లు కూడా నేల మీదే పెడుతుంది.

వై లేని మగ ఎలుకలు

మధ్య ర్యుక్యూ దీవుల్లో ముళ్ల ఎలుకలు మూడు జాతులు, దీవికొకటి. వెంట్రుకల నడుమ గట్టి ముళ్లుంటాయి. పాము మీదికొస్తే నిట్టనిలువునా ఎగిరి తప్పించుకుంటాయి. చూపుకు సాదా ఎలుకలే గానీ జన్యుశాస్త్రంలో వీటికి పెద్ద పేరుంది.

క్షీరదాల్లో మగపిల్ల పుట్టాలంటే వై క్రోమోజోమూ దాని మీద ఎస్ఆర్‌వై అనే జన్యువూ ఉండాలి. అమామి, తొకునోషిమా జాతుల్లో ఆ రెండూ లేవు. ఆడామగా రెండింటికీ ఒకే ఒక్క ఎక్స్ క్రోమోజోము. అందుకే వాటి మొత్తం క్రోమోజోములు బేసి సంఖ్యలో, అమామి జాతికి 25, తొకునోషిమా జాతికి 45 ఉంటాయి. మరి మగవి ఎలా పుడుతున్నాయి? హొక్కైడో విశ్వవిద్యాలయంలో కురోయివా అసాతో బృందం 2022లో దీనికి సమాధానం ప్రచురించింది. వృషణాలు ఏర్పడేందుకు కావాల్సిన సాక్స్9 అనే జన్యువుకు ఎగువన సుమారు 17,000 అక్షరాల డీఎన్‌ఏ భాగం అమామి మగ ఎలుకల్లో రెండింతలుగా ఉంది, ఆడవాటిలో లేదు. వై చేయాల్సిన పనికి మరో క్రోమోజోము పూనుకుందన్నమాట.

యంబరులో ఉన్న ఒకినావా జాతి దీనికి అటు కొస. దాని వై పోలేదు సరికదా, మామూలు క్రోమోజోముతో అతుక్కుని ఇంకా పెద్దదైంది. దగ్గరి చుట్టాలైన మూడు జాతుల్లో ఒకే లింగ నిర్ణయ వ్యవస్థ ఇన్ని దారులు పట్టడం వల్ల, వీటిలో ఏ ఒక్కటి పోయినా ప్రశ్నలో భాగమే పోతుంది. ఒకినావా జాతి పోయినట్టేనని ఒక దశలో అనుకున్నారు. సుమారు 30 ఏళ్లు ఒక్కటీ పట్టుబడలేదు. 2008లో కునిగామి అడవిలో మళ్లీ దొరికింది. ఇప్పుడు దాని తావు చాలా కొద్ది మేర మాత్రమే.

వాగుల్లో, వాగుల ఒడ్డున

యంబరు వాగులు పొట్టివి, నిట్రమైనవి. వాన కురిసిన గంటలో ఉరకలెత్తి, మర్నాటికి తగ్గిపోతాయి. ఒడ్డున బతికే మొక్క ఆ వరదకు ఎదురు నిలిస్తే ఆకులు చిరిగిపోతాయి. అందుకే ఇక్కడి ర్యుక్యూ త్సువాబుకి అనే పసుపు పూల మొక్క తన బంధువుల గుండ్రటి వెడల్పు ఆకులను వదిలేసి, నీటికి దారిచ్చే సన్నటి ఆకులు వేస్తుంది. నాచు పట్టిన బండల మీద కునిగామి తొంబోసో అనే చిన్న ఆర్కిడ్ పెరిగే చోటూ ఇదే.

ఇషికావా కప్పను జపాన్‌లో అన్నిటికన్నా అందమైన కప్పగా చెబుతారు. పచ్చటి ఒంటి మీద ఊదా, గోధుమ మచ్చలతో నాచు పట్టిన రాయిలో ఇట్టే కలిసిపోతుంది. వాగు పుట్టే చోట రాతి సందుల్లో చలికాలంలో గుడ్లు పెడుతుంది. అమామిలో ఉన్నదీ ఇదే జాతి అనుకునేవారు, 2011లో దాన్ని వేరు చేశారు. హోల్స్ట్ కప్ప ముందు కాళ్లకు అయిదో వేలు ఉన్నట్టు కనిపిస్తుంది, దానిలోంచి వాడి ముల్లు బయటికొస్తుంది. మగవి ఒకదాన్నొకటి పట్టుకుని దానితోనే పొడుచుకుంటాయి. పట్టుకున్న మనిషి చేతినీ వదలవు. వెనకటి రోజుల్లో ఊళ్లలో ఈ కప్పను వండుకునేవారు. ఆండర్సన్ న్యూట్ నల్లటి, గరుకు చర్మపు ఉభయచరం. శత్రువు మీదికొస్తే పక్కటెముకలను విప్పార్చి ఒళ్లు చదును చేస్తుంది. గుడ్లు నీటిలో కాకుండా కుంట అంచున ఆకుల మధ్య పెడుతుంది, పొదిగిన పిల్లలు నీటిలోకి చేరుకుంటాయి.

2021లో ఇదే వాగుల్లోంచి సుమారు 20 సెంటీమీటర్ల జెర్రి ఒకటి శాస్త్ర గ్రంథాలకెక్కింది. ఒంటి మీద నీలం కలిసిన పచ్చటి మెరుపు. నీళ్లలోకి దిగి పెద్ద రొయ్యలను వేటాడుతుంది. జపాన్‌లో ఈ కోవకు చెందిన జెర్రికి కొత్తగా పేరు పెట్టడం 143 ఏళ్లలో అదే మొదలు. ఆకాశంలో ఉపగ్రహాలు ఎన్ని తిరిగినా, రాయి తిరగేసి చూసే మనిషికే ఇలాంటివి కనబడతాయి.

హిగాషి పరిధిలోని గెసాషి వాగు సముద్రంలో కలిసే చోట మడ అడవి ఉంది. ఒకినావా ప్రధాన దీవి మీద అంతకన్నా పెద్దది లేదు. అక్కడి మూడు రకాల మడ చెట్లలో ఒకటైన బ్రుగియేరా జింనోరైజా మన కోరింగలోనూ పెరుగుతుంది. సముద్రం మీద తేలుతూ పోయే మొలకకు జలసంధుల లోతు అడ్డం కాదు కదా.

గంగ ఒడ్డు నుంచి వెళ్లిన ముంగిసలు

1910లో వతాసే షోజాబురో గంగా డెల్టా ప్రాంతం నుంచి తెప్పించిన ముంగిసలను దక్షిణ ఒకినావాలో వదిలాడు. లెక్కకు ఇరవై కూడా లేవు. హబు కాట్లను తగ్గించడం, చెరకు తోటల్లో ఎలుకలను అరికట్టడం ఆయన ఉద్దేశం. పాముకీ ముంగిసకీ ఉన్న వైరం మన పల్లెల్లో పిల్లలకు కూడా తెలిసిందే, ఆ మాటను నమ్మే ఆయనా ముందడుగు వేశాడు. లెక్క తప్పింది ఒక్క చోట. ముంగిస పగటి జంతువు, హబు రాత్రి జంతువు. రెండూ ఎదురుపడటమే అరుదు. పగలు నేల మీద తిరిగే పక్షులు, బల్లులు, పురుగులు మాత్రం కావలసినన్ని దొరికాయి. ఈ దీవుల జంతుజాలం మరెక్కడిదీ కాదని గీత గీసి చూపిన శాస్త్రవేత్తే, ఆ గీత అవతలి వేటగాడిని లోపలికి తేవడం జీవశాస్త్ర చరిత్రలో చేదు ఉదంతం.

ముంగిసలు ఏటా కొంత ఉత్తరానికి జరుగుతూ 1990ల నాటికి యంబరులోకి అడుగుపెట్టాయి. కుయినా పక్షుల దక్షిణపు హద్దు అంతకంతకూ ఉత్తరానికి కుంచించుకుంది. 1985లో సుమారు 1,800గా అంచనా వేసిన కుయినాలు 2005 నాటికి 700 చిల్లరకు పడిపోయాయి. 2000 నుంచి బోనులు పెట్టి పట్టడం మొదలైంది. ఆ తరవాత పడమటి తీరాన షియోయా నుంచి తూర్పున ఫుకుజి దాకా దీవికి అడ్డంగా, ముంగిస ఎక్కలేని నున్నటి కంచె కట్టారు. వాసన పట్టే కుక్కలకు తర్ఫీదిచ్చారు. ఇటీవలి అంచనాల్లో కుయినాలు 1,500 దరిదాపులకు చేరాయి. కంచెకు దక్షిణాన ముంగిసలు ఇంకా ఉన్నాయి కాబట్టి ఉత్తరాన బోనులు ఎత్తే వీలు లేదు.

అమామి ఒషిమాలో కథ వేరుగా ముగిసింది. 1979లో అక్కడ వదిలిన 30 ముంగిసలు 2000 నాటికి సుమారు 10,000 అయ్యాయి. ఆ దీవి నల్లకుందేలు, ముళ్ల ఎలుక అంతరించే స్థితికొచ్చాయి. 2005లో ‘అమామి మంగూస్ బస్టర్స్’ అనే దళం ఏర్పడింది. చివరి ముంగిస 2018లో పట్టుబడింది. ఆరేళ్లు ఎదురుచూసి, 2024 సెప్టెంబరు 3న ముంగిసలు లేవని జపాన్ ప్రభుత్వం ప్రకటించింది. ముంగిస స్థిరపడిపోయిన అంత పెద్ద దీవి నుంచి దాన్ని పూర్తిగా తొలగించిన సందర్భం అంతకుముందు లేదు.

గొడ్డలి, సైన్యం, రోడ్డు

యంబరు మనిషి చెయ్యి పడని అడవి కాదు. ర్యుక్యూ రాజ్యకాలంలోనే ఇక్కడి కలప, కట్టెలు, బొగ్గు ఓడల్లో దక్షిణానికి వెళ్లేవి. 18వ శతాబ్దంలో మంత్రి సాయ్ ఓన్ అడవి నరకడానికి, పెంచడానికి నియమాలు రాయించాడు. 1945 యుద్ధంలో దక్షిణ ఒకినావా బూడిదయ్యాక ఇళ్లు కట్టడానికి మళ్లీ ఈ చెట్లే కావాల్సి వచ్చాయి. యుద్ధం తరవాత అమెరికా పాలనలో ఉన్న ఒకినావా 1972లో జపాన్‌కు తిరిగి దక్కాక ఆనకట్టలు, అడవి రోడ్లు వచ్చాయి. ర్యుక్యూ అయు అనే వాగు చేప ఆ దశకంలోనే దీవి నుంచి మాయమైంది. ఇప్పుడు ఫుకుజి జలాశయంలో ఉన్నవి అమామి నుంచి తెచ్చి వదిలిన వాటి సంతతి.

అమెరికా సైన్యం అడవి యుద్ధ శిక్షణకు వాడుకునే స్థలం కూడా ఇక్కడే ఉంది. సుమారు 7,800 హెక్టార్లలో సగానికి కాస్త పైగా, అంటే 4,000 హెక్టార్లను 2016 డిసెంబరులో తిరిగిచ్చింది. బదులుగా మిగిలిన భాగంలో తకాయె పల్లె చుట్టూ హెలికాప్టర్ దిగుడు స్థలాలు కట్టడంపై స్థానికులు ఏళ్లపాటు ఆందోళన చేశారు. తిరిగొచ్చిన భూమి వారసత్వ ప్రతిపాదనలో లేకపోవడం 2018లో దాని వాయిదాకు ఒక కారణమైంది. ఆ భూమిని ఉద్యానంలో కలిపాక ప్రతిపాదనను మళ్లీ పంపారు. శిక్షణ జరిగే మిగతా భాగం వారసత్వ హద్దుకు ఆనుకునే ఉంది, అక్కడి కుయినాలకూ నొగుచిగెరాలకూ ఆ హద్దు తెలియదు.

పిల్లుల విషయంలో ఊళ్లు ముందే మేలుకున్నాయి. కునిగామిలోని అదా ఊరివాళ్లు పెంపుడు పిల్లులకు మైక్రోచిప్ తప్పనిసరి చేసుకున్నారు, తరవాత మూడు గ్రామాలూ నిబంధనలు తెచ్చాయి. అదాలోనే కుయినాను దగ్గరగా చూపే కేంద్రం కూడా ఉంది. ఇక రోడ్ల మీద, మలుపు మలుపుకూ కుయినా బొమ్మతో హెచ్చరిక బోర్డులున్నా ఏటా పదుల సంఖ్యలో పక్షులు వాహనాల కింద పడుతున్నాయి. పిల్లలతో రోడ్డు దాటే మే, జూన్ నెలల్లో ఇది ఎక్కువ. రోడ్డు పక్క కాంక్రీటు కాలువల్లో పడిన న్యూట్‌లు, తాబేళ్లు, కుయినా పిల్లలు పైకి రాలేక చనిపోవడం గమనించి, కొత్త కాలువలకు అడవి వైపు గోడను ఏటవాలుగా కడుతున్నారు. కొన్ని చోట్ల రోడ్డు కింద సొరంగాలు తవ్వి, రోడ్డు అంచున వలలు బిగించారు. పురుగుల దొంగలు తిరిగే కాలంలో కొన్ని అడవి రోడ్లను రాత్రిపూట మూసేస్తున్నారు.